నీడలు ఉంచాలా, తీసేయాలా? ఇంటర్‌ఫేస్ డిజైన్‌లో లోతు, మినిమలిజం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ బృందం పాత యాప్‌కు కొత్త రూపం ఇస్తోంది. నీడలు, గ్రేడియంట్లు (ఒక రంగు మెల్లగా మరో రంగులోకి మారే పూతలు) అన్నీ తీసేసి పూర్తిగా ఫ్లాట్‌గా, అంటే చదునుగా ఉంచాలని కొందరు అంటున్నారు. పెద్ద సంస్థలే వెనకనున్నది మసకగా కనిపించే గాజు పొరలవైపు వెళ్తున్నాయి కాబట్టి మనమూ లోతు, పారదర్శకత తీసుకురావాలని మరికొందరు అంటున్నారు. ఏది ఎంచుకుంటే కొన్నేళ్ల పాటు నిలుస్తుంది అని అడిగారు. దాంతో పాటు కార్డులకు (సమాచారం చూపే పెట్టెలకు) నీడ ఉంచాలా, కింది నావిగేషన్ బార్‌ను గాజుగా మార్చాలా అనే రెండు నిర్దిష్ట సందేహాలు కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. లోతునూ మినిమలిజాన్నీ రెండు ప్రత్యర్థి పక్షాలుగా చూడకండి. స్క్రీన్‌లో ఎక్కువ భాగాన్ని చదునుగానే ఉంచండి. లోతును రెండు మూడు స్థాయిలకు పరిమితం చేసి, ఒక్కో స్థాయికి ఒక్కో స్థిరమైన పని అప్పగించండి. ఒక నీడ వాడుకరికి ఏదో ఒక సంగతి చెబుతుంటే, అంటే ఇది నొక్కదగినది, ఇది మిగతావాటి పైన ఉంది, ఇది కాసేపటికి తొలగిపోతుంది అని తెలియజేస్తుంటే, దాన్ని ఉంచండి. ఏమీ చెప్పకపోతే తీసేయండి. ఈ లెక్కన మీ కార్డుల నీడలు చాలావరకు పోతాయి. కింది బార్‌కు గాజు పెట్టుకోవచ్చు, అయితే దానికి షరతులున్నాయి.

ఇక కారణాలు. నీడను మనం అలంకారంగా లెక్కగడతాం కానీ, కంటికి అది సమాచారం. వెలుతురు పైనుంచి పడుతుందని మన చూపు ముందుగానే అనుకుంటుంది. నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో ప్రచురించిన పరిశోధన దీన్ని చాలా తేలికైన బొమ్మలతో చూపించింది. పైభాగం తెల్లగా మొదలై కిందికి వచ్చేసరికి నల్లబడే వృత్తం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అదే వృత్తాన్ని తలకిందులు చేస్తే గుంటలా కనిపిస్తుంది. చూసేవాళ్లు ఆలోచించి ఆ నిర్ణయానికి రారు, చూడగానే అలా తోస్తుంది. అందువల్ల స్క్రీన్ మీద పెట్టిన ప్రతి నీడా, మనం ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, వాడుకరికి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది.

విండోస్ 95లోని బూడిదరంగు బటన్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. పై అంచుకు, ఎడమ అంచుకు సన్నని తెల్ల గీత. కింది అంచుకు, కుడి అంచుకు ముదురు గీత. బటన్ నొక్కినప్పుడు ఆ గీతల వెలుగునీడలు తారుమారై, అది లోపలికి దిగినట్టు కనిపించేది. అందులో బ్లర్ (మసకబరచడం) లేదు, గ్రేడియంట్ లేదు, పారదర్శకత లేదు. పిక్సెల్ మందపు గీతలతో ‘నన్ను నొక్కవచ్చు’, ‘ఇప్పుడు నొక్కి ఉన్నాను’ అనే రెండు స్థితులూ స్పష్టమయ్యేవి. లోతును ఇంత పొదుపుగా వాడిన నమూనా ఇప్పటికీ అరుదుగానే కనిపిస్తుంది. దీన్ని గుర్తుంచుకుంటే మీ బృందంలోని రెండు వర్గాలూ కోరుకునేది ఒకే చోట ఇమడగలదని తెలుస్తుంది.

ట్రెండ్ ఎటు పోతోందన్న ప్రశ్నకు చాలామంది గడియారపు లోలకం పోలిక చెబుతారు: కొన్నాళ్లు ఫ్లాట్, కొన్నాళ్లు లోతు, మళ్లీ ఫ్లాట్. ఆ వర్ణన సరిపోదని నా అభిప్రాయం. తొలి ఐఫోన్ల కాలంలో తోలు కుట్లు, చెక్క అరలు, మెరిసే గాజు బటన్లు ఉండేవి. మైక్రోసాఫ్ట్ 2010లో విండోస్ ఫోన్ 7తో అక్షరాలకు, చదునైన రంగు పలకలకు ప్రాధాన్యం ఇచ్చింది. 2013లో ఐఓఎస్ 7 పాత అలంకరణంతా ఊడ్చేసింది. దాన్ని అందరూ ఫ్లాట్ విప్లవంగా గుర్తుంచుకున్నారు కానీ, అదే విడుదలలో కంట్రోల్ సెంటర్‌కు మసక గాజు వచ్చింది, ఫోన్‌ను వంచితే ఐకాన్ల వెనక వాల్‌పేపర్ కదిలే ప్యారలాక్స్ కూడా వచ్చింది. అంటే లోతు మాయం కాలేదు. ఒక్కో వస్తువుకు ఉన్న లోతు పోయి, పొరల మధ్య లోతు వచ్చింది. బటన్ ఉబ్బెత్తుగా ఉండటం మానేసింది, బటన్లున్న పలక మొత్తం మిగతా స్క్రీన్ పైకి లేచింది.

2014లో గూగుల్ ప్రకటించిన మెటీరియల్ డిజైన్ అనే డిజైన్ నియమావళి ఈ పొరలకు కొలతలు ఇచ్చింది. తొలి నియమావళి ప్రకారం పై యాప్ బార్ 4 డీపీ (స్క్రీన్ సాంద్రతను బట్టి మారని కొలత) ఎత్తున, తేలియాడే గుండ్రని బటన్ 6 డీపీ ఎత్తున, పక్కనుంచి వచ్చే డ్రాయర్ అనే మెనూ పలక 16, డైలాగ్ (జవాబు కోరుతూ పైన తెరుచుకునే పెట్టె) 24 డీపీల ఎత్తున ఉంటాయి. నీడ ఎంత ఉండాలన్నది డిజైనర్ ఇష్టాయిష్టాలకు వదలకుండా ఎత్తుతో ముడిపెట్టారు. 2017లో మైక్రోసాఫ్ట్ ఫ్లూయెంట్ డిజైన్ కాంతి, లోతు, కదలికలను మూల సూత్రాలలో చేర్చింది. 2021 నాటి మెటీరియల్ యూతో, అంటే మెటీరియల్ డిజైన్ కొత్త రూపంతో, గూగుల్ చాలా చోట్ల నీడను తగ్గించి, ఎత్తును రంగు ఛాయ తేడాతో చూపడం మొదలుపెట్టింది. 2025 జూన్‌లో యాపిల్ గాజులా కనిపించే లిక్విడ్ గ్లాస్ రూపాన్ని ప్రకటించింది. ఇన్ని మార్పుల్లోనూ మెనూ, డైలాగ్, నావిగేషన్ వంటివి విషయం పైన వేరే పొరగా ఉంటాయన్న ఆలోచన నిలిచింది. ఆ పొరను నీడతో చూపాలా, ఛాయతో చూపాలా, గాజుతో చూపాలా అన్నదే మారుతూ వచ్చింది. మీ నిర్ణయం కూడా నిలిచే భాగం మీద ఆధారపడాలి.

పూర్తి ఫ్లాట్ కోరుతున్నవారికి ఒక ఆధారం చూపించండి. వాడుక సౌలభ్యంపై పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2017లో కంటి కదలికలను నమోదు చేసే పరికరంతో ఒక అధ్యయనం చేసింది. ఒక్కో పేజీని రెండు రకాలుగా తయారు చేశారు. ఒకదానిలో లింకులు, బటన్లు నొక్కదగినవని గట్టి సూచనలున్నాయి, మరొకదానిలో ఆ సూచనలు బలహీనంగా ఉన్నాయి లేదా లేవు. బలహీన సూచనలున్న పేజీల్లో కావలసిన చోటును వెతుక్కోవడానికి వాడుకరులు సగటున 22 శాతం ఎక్కువ సమయం తీసుకున్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ ఫలితం ఫ్లాట్ రూపాన్ని మొత్తంగా తప్పుపట్టదు, సూచనలు కరువైన ఫ్లాట్‌ను మాత్రమే తప్పుపడుతుంది. రంగు, స్థానం, చుట్టూ ఖాళీ, అందరికీ అలవాటైన అమరిక గట్టిగా ఉన్నచోట నీడ లేకున్నా నష్టం ఉండదు.

నా పనిలో చూసిన ఒక సందర్భం దీనికి సరిగ్గా సరిపోతుంది. అపాయింట్‌మెంట్లు తీసుకునే ఒక యాప్‌లో చివరి పేజీలో లేత నీలం దీర్ఘచతురస్రం ఒకటి సమాచారం చెప్పేది, దాని కింద ముదురు నీలం దీర్ఘచతురస్రం ‘ఖాయం చేయండి’ అనే బటన్. రెండింటికీ ఒకే వెడల్పు, ఒకే గుండ్రని మూలలు, నీడ దేనికీ లేదు. పరీక్షలో కూర్చున్నవారు ముందుగా సమాచారపు పెట్టెను నొక్కి, ఏమీ జరగకపోవడంతో యాప్ ఆగిపోయిందనుకునేవారు. మేము సమాచారపు పెట్టెకు రంగు తీసేసి, ఎడమ అంచున ఒక నిలువు గీతతో మామూలు పేరాగ్రాఫ్‌గా మార్చాం. బటన్‌కు స్క్రీన్ అడుగున స్థిరమైన చోటిచ్చి, దాని వెనక పలకకు పలచని నీడ పెట్టాం. బటన్ రూపం దాదాపు పాతదే. మారినదల్లా దాని పక్కన ఉన్నవి దానిలా కనిపించకపోవడం. మినిమలిజం అంటే నాకు ఈ పనే: ఒకేలా కనిపించే వేర్వేరు పనుల వస్తువులను తగ్గించడం. గీతలను, రంగులను లెక్కపెట్టి కోయడం వేరే సంగతి.

ఇప్పుడు మీ కార్డుల సంగతి. ఒక స్క్రీన్‌లో పది కార్డులుండి పదింటికీ ఒకే నీడ ఉంటే ఆ నీడ ఏమీ చెప్పడం లేదు. అన్నీ పైన ఉంటే ఏదీ పైన లేనట్టే. పైగా ప్రతి కార్డు అంచూ చూపును కాస్త లాగుతుంది కాబట్టి లోపల ఉన్న విషయం వెనకబడుతుంది. నివేదికలు చూపే ఒక డాష్‌బోర్డుకు పని చేసినప్పుడు మేము ఇలా చేశాం: పేజీ నేపథ్యాన్ని చాలా లేత బూడిదగా, కార్డులను తెల్లగా ఉంచి, నీడలన్నీ తీసేశాం. కార్డుల మధ్య ఖాళీని కార్డు లోపలి ఖాళీకి దగ్గరగా తెచ్చాం. నీడను ఫిల్టర్ మెనూకూ డైలాగ్‌కూ మాత్రమే ఉంచాం. అప్పటివరకు మెనూ తెరుచుకున్నా గమనించనివారు ఇప్పుడు వెంటనే గమనించారు. ఎందుకంటే స్క్రీన్ మొత్తం మీద నీడ ఉన్నది ఆ మెనూ ఒక్కదానికే. కార్డును వేలితో పట్టుకుని జరిపే వీలుంటే మాత్రం పట్టుకున్న క్షణంలో దానికి నీడ రావాలి, వదలగానే పోవాలి. అక్కడ నీడ ఒక స్థితిని చెబుతోంది కాబట్టి దానికి అర్హత ఉంది.

నేను సాధారణంగా వాడే స్థాయిలు మూడు. అడుగున పేజీ, దాని మీద చదునుగా ఉండే విషయం. రెండోది విషయం కిందినుంచి జారుతున్నా కదలకుండా ఉండే బార్లు. మూడోది మెనూ, డైలాగ్ వంటి తాత్కాలికమైనవి. నాలుగో స్థాయి కావాలనిపిస్తే, చాలా సందర్భాల్లో స్క్రీన్ అమరికలోనే చిక్కు ఉందని అర్థం. డైలాగ్ మీద మరో డైలాగ్ తెరవాల్సి వస్తోందన్నమాట. అక్కడ నీడ ముదురు చేయడం కాదు, దశలను విడదీయాలి.

నీడ గీసే పద్ధతి గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే చౌకబారుగా కనిపించే నీడ వల్లే చాలామందికి లోతు మీద విరక్తి కలుగుతుంది. ఒకే నీడను నల్లగా, చిక్కగా పెడితే వస్తువు కింద మరక పడినట్టుంటుంది. నిజమైన వెలుతురులో రెండు రకాల నీడలు కలిసి ఉంటాయి: ఒక దిక్కు నుంచి వచ్చే కాంతి వేసే స్పష్టమైన నీడ, చుట్టూ పరచుకున్న కాంతి వల్ల అంచుల దగ్గర ఏర్పడే మెత్తని నీడ. మెటీరియల్ డిజైన్ ఈ రెండింటినీ కలిపే నీడను లెక్కగట్టింది. వెబ్‌లో కూడా నీడ గీసే బాక్స్-షాడో ఆదేశానికి కామాతో రెండు విలువలివ్వవచ్చు. మొదటిది కిందికి 1 పిక్సెల్ జరిగి 2 లేదా 3 పిక్సెళ్ల బ్లర్‌తో, రెండోది కిందికి 8 పిక్సెళ్లు జరిగి 24 పిక్సెళ్ల బ్లర్‌తో, రెండూ తక్కువ గాఢతతో ఉంటే మెనూకు సరిపోతుంది. నీడ రంగు శుద్ధమైన నలుపు కాకుండా నేపథ్యపు రంగుకు ముదురు ఛాయగా ఉంటే మరింత సహజంగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, యాప్ మొత్తంలో వెలుతురు దిక్కు ఒకటే ఉండాలి. ఒక చోట నీడ కిందికి, మరో చోట పక్కకు పడితే చూసేవాళ్లు తప్పేమిటో చెప్పలేకపోయినా ఏదో అతకలేదని గ్రహిస్తారు.

డార్క్ మోడ్‌లో ఈ లెక్క మారిపోతుంది. నల్లని నేపథ్యం మీద నల్లని నీడ కనిపించదు. అందుకే అక్కడ పైకి లేచిన పలక రంగును లేతపరచాలి. మెటీరియల్ డిజైన్ డార్క్ థీమ్ మార్గదర్శకాల్లో అడుగు ఉపరితలం 121212 అనే రంగు కోడ్‌తో ఉండే ముదురు బూడిద. ఎత్తు పెరిగే కొద్దీ దాని మీద తెలుపు శాతం పెరుగుతూ, 24 డీపీ దగ్గర 16 శాతానికి చేరుతుంది. లైట్ మోడ్ రంగులను యాంత్రికంగా తలకిందులు చేసే బృందాలు ఇక్కడే దెబ్బతింటాయి, ఎందుకంటే అలా చేస్తే పైనున్న పొర అడుగు పొరకన్నా ముదురుగా మారి గుంటలా కనిపిస్తుంది. రెండు మోడ్‌లను పక్కపక్కనే పెట్టి ప్రతి పొరనూ సరిచూడండి.

2019 చివర్లో మొదలై 2020లో బాగా ప్రచారంలోకి వచ్చిన న్యూమార్ఫిజం గురించి ఎక్కువ చెప్పను. నేపథ్యపు రంగులోనే బటన్‌ను ఉంచి, ఒక వైపు తెల్లని నీడ, మరో వైపు ముదురు నీడ వేసే ఆ పద్ధతి బొమ్మగా ముచ్చటగా ఉంటుంది. కానీ నొక్కిన స్థితికీ నొక్కని స్థితికీ తేడా ఆ లేత నీడల మీదే ఆధారపడటం వల్ల చూపు తగ్గినవారికీ, ఎండలో ఫోన్ చూసేవారికీ బటనే కనిపించదు. అందరూ వెబ్‌ను వాడగలిగేలా రూపొందించిన 2018 నాటి డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం ప్రకారం ఒక నియంత్రణను గుర్తించడానికి అవసరమైన దృశ్య సమాచారానికి పక్కనున్న రంగుతో కనీసం 3:1 కాంట్రాస్ట్ (వెలుగు తేడా నిష్పత్తి) ఉండాలి. గుర్తింపుకు నీడ ఒక్కటే ఆధారమైతే ఆ షరతు నెరవేర్చడం చాలా కష్టం.

గాజు విషయంలో నేను మీ సహోద్యోగుల ఉత్సాహాన్ని తోసిపుచ్చను. దాని గుణం నిజమైనదే. వెనక విషయం మసకగా కనిపిస్తూ ఉంటే, వాడుకరికి తాను ఎక్కడినుంచి వచ్చాడో, మెనూ మూస్తే ఎక్కడికి వెళ్తాడో తెలుస్తుంది. కాని దాన్ని ఎక్కడ వాడాలన్న దానిపై, దాన్ని ప్రవేశపెట్టిన సంస్థలే హద్దులు గీశాయి. లిక్విడ్ గ్లాస్‌ను నావిగేషన్, నియంత్రణల పొరకు ఉంచాలని, విషయపు పొరలో వాడవద్దని యాపిల్ మార్గదర్శకాలు చెబుతాయి. అక్రిలిక్ అనే మసక గాజును తాత్కాలికంగా తెరుచుకునే మెనూల వంటి వాటికి వాడమని, ఎక్కువసేపు తెరిచి ఉండే విండోలకు మైకా వాడమని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. విండోస్ 11తో వచ్చిన ఆ మైకా వెనకనున్న విండోలను చూపదు, డెస్క్‌టాప్ వాల్‌పేపర్ రంగును ఒక్కసారి తీసుకుని దానితో లేతగా రంగు పూస్తుంది, అందుకే యంత్రం మీద భారం కూడా తక్కువ. వీటి నుంచి నేను తీసుకునే సారం ఒకటే: ఎక్కువసేపు చదవాల్సిన విషయం గాజు మీద ఉండకూడదు.

కాబట్టి మీ కింది బార్‌కు గాజు పెట్టాలంటే నా షరతులు ఇవి. కాంట్రాస్ట్‌ను అత్యంత ప్రతికూలమైన నేపథ్యం మీద కొలవాలి. డిజైన్ ఫైల్‌లో బార్ వెనక ఒక అందమైన ఫోటో ఉంటుంది, వాడుకరి ఫోన్‌లో తెల్లని పట్టిక, ఆ వెంటనే ముదురు బొమ్మ జారిపోతుంటాయి. మామూలు పరిమాణపు అక్షరాలకు 4.5:1, ఐకాన్లకు 3:1 ఏ క్షణంలోనూ తగ్గకూడదు. దానికి తేలికైన మార్గం బ్లర్‌ను పెంచడం కాదు, గాజు మీద రంగు పూతను చిక్కబరచడం. బ్లర్ వెనకనున్న ఆకారాలను చెరుపుతుంది కానీ వాటి వెలుగును తగ్గించదు. లిక్విడ్ గ్లాస్ విషయంలో కూడా చదవడం కష్టంగా ఉందన్న విమర్శలు వచ్చాక, 2025 నవంబరులో విడుదలైన ఐఓఎస్ 26.1లో పూత చిక్కగా ఉండే ఎంపికను యాపిల్ చేర్చింది.

తెలుగు వంటి లిపులకు ఈ షరతు మరింత బిగుతుగా వర్తిస్తుంది. గుడి, గుడిదీర్ఘాల మధ్య, వత్తుల మధ్య తేడా అంతా చిన్న చిన్న వంపుల్లోనే ఉంటుంది. పలచని ఫాంటుతో, చిన్న పరిమాణంలో, కదిలే మసక నేపథ్యం మీద పెడితే ముందుగా పోయేవి అవే. గాజు మీద పెట్టే లేబుళ్లకు మీడియం మందం ఉన్న ఫాంటు వాడండి, కింది వత్తులు తెగిపోకుండా బార్ ఎత్తు కాస్త పెంచండి.

గాజుకు మరో ఖరీదు పరికరం మీద పడుతుంది. వెబ్‌లో వెనక భాగాన్ని మసకబరిచే బ్యాక్‌డ్రాప్-ఫిల్టర్ ఆదేశం వాడినప్పుడు వెనక విషయం కదిలే ప్రతిసారీ ఆ ప్రాంతాన్ని మళ్లీ మసకబరచాలి. పాత ఫోన్లలో స్క్రోల్ తడబడుతుంది, ఆ తడబాటు వల్ల యాప్ మొత్తం నెమ్మదిగా ఉందన్న అభిప్రాయం పడుతుంది. మసక ప్రాంతం విస్తీర్ణం తగ్గించండి, ఒకదాని మీద ఒకటి రెండు గాజు పొరలు రానివ్వకండి. పారదర్శకత తగ్గించమని ఫోన్ సెట్టింగుల్లో కోరినవారికి బార్ పూర్తి రంగుతో కనిపించాలి. పొరలు లేచే, జారే కదలికలను తగ్గించమని కోరినవారికి కూడా ఆ కోరిక నెరవేరాలి. ఈ రూపాలను చివర్లో అతికించకుండా మొదటి రోజే గీయండి. పూర్తి రంగుతో ఉన్న బార్ బాగా లేకపోతే గాజు బార్ కూడా నిజానికి బాగా లేదన్నమాట, గాజు మెరుపు దాన్ని కప్పిపుచ్చుతోందంతే.

మినిమలిజం పేరుతో జరిగే మరో పొరపాటు గురించి చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. స్క్రీన్ ఖాళీగా కనిపించాలని ప్రధాన మార్గాలన్నీ మూడు గీతల ఐకాన్ వెనక దాచేస్తుంటారు, ఐకాన్ల కింద పేర్లు తీసేస్తుంటారు. నీల్సన్ నార్మన్ గ్రూప్ 2016లో చేసిన మరో అధ్యయనంలో వెబ్‌సైట్ ప్రధాన నావిగేషన్‌ను దాచేస్తే అందులోని విషయాలు వాడుకరుల కంటబడే అవకాశం దాదాపు సగానికి పడిపోయింది. స్క్రీన్ మీద భారం తగ్గినట్టు కనిపించినా, ఆ భారం వాడుకరి జ్ఞాపకం మీదికి మారింది. తగ్గించాల్సినవి వేరే ఉన్నాయి: ఒకే పనికి రెండు బటన్లు, ఎవరూ మార్చని సెట్టింగులు, ఒకే పేజీలో మూడు రకాల గుండ్రని మూలలు, అయిదు రకాల బూడిద రంగులు. వీటిని తీసేశాక స్క్రీన్‌కు ఎంత ప్రశాంతత వస్తుందో చూస్తే, నీడల గురించి వాదన చాలావరకు దానంతటదే సద్దుమణుగుతుంది.

మీ బృందంలో వాదన తెగకపోతే అభిరుచుల మీద చర్చ ఆపి ఒక పరీక్ష పెట్టండి. ఇద్దరి నమూనాల స్క్రీన్‌షాట్లను నలుపు తెలుపులోకి మార్చి, కాస్త బ్లర్ చేసి, ప్రాజెక్టుతో సంబంధం లేని కొందరికి చూపండి. ఏవి నొక్కవచ్చు, ఏది పైన ఉంది, ముందుగా ఏం చేయాలి అని అడగండి. జవాబు తడుముకున్న చోటే సూచన కరువైంది. అక్కడ నీడ పెడతారో, ఛాయ మారుస్తారో, ఖాళీ పెంచుతారో తర్వాత నిర్ణయించుకోవచ్చు.

కోడ్‌లోకి వెళ్లేటప్పుడు ఒక అమరిక పాటించండి. డిజైన్ టోకెన్లకు (పేరు పెట్టి కోడ్‌లో ఉంచే రూపపు విలువలకు) ‘చిన్న నీడ’, ‘పెద్ద నీడ’ వంటి పేర్లు పెట్టకుండా ‘స్థిర బార్’, ‘తాత్కాలిక మెనూ’, ‘జరుపుతున్న కార్డు’ అని పనిని బట్టి పేర్లు పెట్టండి. ఒక్కో టోకెన్‌లో లైట్ మోడ్ నీడ, డార్క్ మోడ్ ఛాయ, పారదర్శకత వద్దన్నవారికి పూర్తి రంగు అన్నీ కలిపి ఉంచండి. రెండేళ్ల తర్వాత గాజు పోయి మరో పద్ధతి వచ్చినా ఆ మూడు టోకెన్ల విలువలు మారిస్తే సరిపోతుంది, స్క్రీన్లన్నిటినీ మళ్లీ గీయాల్సిన అవసరం ఉండదు. కార్డులకు మాత్రం మామూలు స్థితిలో టోకెన్ ఏదీ ఇవ్వకండి. నేపథ్యపు రంగు తేడా, సరైన ఖాళీ వాటికి చాలు.